ఏడో తరగతి, బి సెక్షన్

కోడంబాక్కం, చెన్నై
జూలై 7, 2024

అత్తా,

ఫోన్‌లో అడిగితే "అంతా బాగుంది" అని పెట్టేస్తావు, కాగితం మీదైతే దాచడానికి చెయ్యి రాదు అని నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో నువ్వు పెట్టిన నియమం ఇరవై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. అందుకే ఆదివారం పూట కూర్చుని రాస్తున్నాను.

హెడ్‌మిస్ట్రెస్‌గా చేరి నెల దాటింది. తిరువొత్తియూరులో ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల, ఆరు నుంచి ఎనిమిది దాకా, చదువు తమిళంలో. రెండు వందల పన్నెండు మంది పిల్లలు. పొద్దున్నే కోడంబాక్కంలో రైలెక్కి, బీచ్ స్టేషన్‌లో మారి, ఇంకో రైలు పట్టుకుంటే ఎనిమిదింబావుకు బడి గేటు ముందుంటాను. ఒక పక్క ఫ్యాక్టరీలు, ఒక పక్క సముద్రం. కిటికీ తీస్తే బల్ల మీద ఉప్పు పేరుకుంటుంది, మూస్తే ఊపిరాడదు.

పోయిన వారం పై ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. ఏ పిల్ల ఏ ఊరు, తల్లిదండ్రులు ఏం పని చేస్తారు, ఇంట్లో ఏ భాష. పాత రిజిస్టరు చూసి నింపేయవచ్చు. కానీ ఆ రిజిస్టరులో సగం మందికి "ఇతరములు" అని ఉంది. నాకు మనసొప్పలేదు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను. మూడు రోజులు పట్టింది.

ఏడో తరగతికి రెండు సెక్షన్లు. ఏ సెక్షన్‌లో ఒకటో క్లాసు నుంచీ ఈ చుట్టుపక్కలే చదువుకున్న పిల్లలు. నడుమలో వచ్చి చేరినవాళ్లందరూ బి. అందులో ముప్పైనలుగురు. తమిళం పదమూడు మంది, అందరూ కుప్పంలోని (ఇక్కడ బెస్తపేటను అట్లా అంటారు) చేపలు పట్టేవాళ్ల పిల్లలే. తెలుగు ఎనిమిది, శ్రీకాకుళం వైపు నుంచి ఇళ్లు కట్టే పనికి వచ్చినవాళ్లు. ఒడియా ఐదు, బీహారు హిందీ నాలుగు, బెంగాలీ ఇద్దరు, నేపాలీ ఇద్దరు. ఒక పిల్లను "ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని అడిగితే, "అమ్మతోనా, నాన్నతోనా, పక్కింటోళ్లతోనా టీచరు?" అని ఎదురడిగింది. ఇన్ని ఊళ్లను ఒక్క గదిలో చూడటం నాకిదే మొదలు.

ఒక్క బెంగ. జూన్ నుంచి లెక్కల టీచరు పోస్టు ఖాళీ. ఏ సెక్షన్‌కు నేనే చెబుతున్నాను. బి సెక్షన్‌కు వారానికి ఒక్క గంటే వెళ్లగలుగుతున్నాను. మిగిలిన పీరియడ్లు ఆ పిల్లలు ఊరికే కూర్చుంటారు. వాళ్ల క్లాస్ టీచరు లూర్దుమేరి సైన్సు చెబుతుంది. పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగావిడ. మంచి మనిషిలాగే ఉంది. ఇంకా సరిగా తెలియదు.

నీ
కౌముది


నెల్లూరు
జూలై 16, 2024

చిరంజీవి కౌముదికి,

జాబు అందింది. ఇక్కడి రిటైర్డ్ ఉద్యోగుల సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. పింఛను ఫైళ్లు నా బల్ల మీదికి వచ్చి పడుతున్నాయి. ముప్పైఆరేళ్లు మద్రాసు చుట్టుపక్కల బళ్లు తనిఖీ చేసినదానికి ఇదొక లెక్కా! బాగానే ఉంది.

నువ్వు పిల్లలను అడిగి రాయడం సరైన పని. "ఇతరములు" అని రాసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అయితే ఒక్కటి గుర్తుంచుకో. ఆ భాషల లెక్క చూసి మురిసిపోతున్నావు కానీ, అటువంటి క్లాసులో మార్కులు ఎట్లా ఉంటాయో నాకు తెలుసు. సగం మందికి పాఠం అర్థం కాదు, వచ్చే ఏడు సగం మంది బడిలోనే ఉండరు. హాజరు పట్టీ చూస్తూ ఉండు. లెక్కల టీచరు కోసం ఆఫీసుకు వారానికో ఉత్తరం రాయి, ప్రతిదానికీ నకలు ఉంచుకో.

ఆశీస్సులతో
వరదలక్ష్మి


కోడంబాక్కం
అక్టోబరు 6, 2024

అత్తా,

చాలా రోజులైంది. ఇప్పుడు కూడా ఏం చేయాలో తోచక రాస్తున్నాను.

త్రైమాసిక పరీక్షల ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో ఏ సెక్షన్ సగటు యాభైనాలుగు. వాళ్లకు చెప్పింది నేను, వారానికి ఆరు గంటలు. బి సెక్షన్ సగటు డెబ్బైతొమ్మిది.

నేను రెండుసార్లు కూడాను. ప్యూనును పిలిచి కూడమన్నాను. డెబ్బైతొమ్మిదే.

టీచరు లేని క్లాసు అది. లెక్కల పీరియడ్‌లో ఆ గది ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఒకటే గోల. కిటికీ దగ్గర నిలబడి నేనే ఎన్నోసార్లు అరిచాను.

జవాబు పత్రాలు ముందేసుకుని కూర్చుంటే ఇంకో సంగతి బయటపడింది. మూడింట రెండు వంతులకు నాలుగో వంతు కలిపితే ఎంత అని ఒక ప్రశ్న. ఏ సెక్షన్ పిల్లలు నేను చెప్పినట్టు క.సా.గు. కట్టి చేశారు, చాలామంది తప్పారు. బి సెక్షన్‌లో ముప్పైనాలుగు మందీ ఒకే పని చేశారు. పక్కన పన్నెండు గడులు గీశారు. ఎనిమిది గడులు నింపారు, ఇంకో మూడు నింపారు, పన్నెండింట పదకొండు అని రాశారు. అందరూ అట్లాగే. ఈ పద్ధతి మా పాఠ్యపుస్తకంలో లేదు, నేను చెప్పలేదు.

ఆ రోజు ఆ గదిలో ఇన్విజిలేటరు లూర్దుమేరి.

పత్రాలను పరిశీలించే అధికారి మధుసూదన్ అని ఒక కుర్రాయన ఫోన్ చేశాడు. బోర్డు మీద గీసి చూపించినట్టే ఉంది మేడమ్, మీ అభిప్రాయం రాతపూర్వకంగా పంపండి అన్నాడు. తేలితే ఆవిడను సస్పెండ్ చేస్తారు, బి సెక్షన్ మార్కులన్నీ రద్దు చేస్తారు. ఏం రాయను?

కౌముది


నెల్లూరు
అక్టోబరు 11, 2024

చి. కౌముదికి,

ఇందులో ఆలోచించడానికేముంది? వేర్వేరు భాషల పిల్లలు, టీచరు లేదు, అందరూ ఒకే విధంగా రాశారు. పిల్లలు తమంతట తాము రాస్తే తప్పులైనా వేర్వేరుగా ఉంటాయి. నా సర్వీసులో ఇటువంటిది ఒక్కసారే చూశాను. వెనకాడలేదు, రాయవలసింది రాసి వచ్చేశాను.

ఆ టీచరుకు మెమో ఇవ్వు. సంజాయిషీ తీసుకో. జాలిపడితే రేపు నీ మెడకే చుట్టుకుంటుంది.

వరదలక్ష్మి


కోడంబాక్కం
అక్టోబరు 27, 2024

అత్తా,

నువ్వు చెప్పినట్టే మెమో ఇచ్చాను.

లూర్దుమేరి దాన్ని నిలబడే చదివింది. ఏడవలేదు, గొడవపెట్టుకోలేదు. మడిచి బ్యాగులో పెట్టుకుని అంది: "సంజాయిషీ రాసిస్తా టీచర్. ఏం రాయాల? నేను జవాబులు చెప్పలా అనేసి రాస్తే మీరు నమ్మరు. చెప్పినా అనేసి రాస్తే అది నిజం కాదు. నాకే తెలీదు వీళ్లు ఎట్లా రాసినారో. మీరు ఒక్కసారి పిల్లోళ్లను అడగండి. ఈడ అందరూ వాళ్ల గురించి రాస్తా ఉండారు, వాళ్లను అడిగినోళ్లు ఒకరూ లేరు."

ఆ రోజు నుంచి ఆవిడ స్టాఫ్ రూములో భోంచేయడం మానేసింది. డబ్బా తీసుకుని లాబ్‌లోకి వెళ్లిపోతుంది.

మాట గుచ్చుకుంది అత్తా. జూలైలో ఇంట్లో ఏ భాష అని మూడు రోజులు కూర్చుని అడిగినదాన్ని, ఇది మాత్రం అడగాలని తోచలేదు.

మంగళవారం మూడో పీరియడ్, బి సెక్షన్‌కు లెక్కలు. ఎప్పటిలాగే గోల. ఈసారి అరవకుండా కిటికీ పక్కన, లోపలికి కనబడకుండా నిలబడ్డాను.

అది గోల కాదు.

సెలీనా అని కుప్పం పిల్ల, చేపల వలలు బాగుచేసే వాళ్లమ్మాయి, పుస్తకం పట్టుకుని ఒక లెక్క తమిళంలో చదివింది. రెండుసార్లు, నెమ్మదిగా. ముందు బెంచీలో అక్షయ అని శ్రీకాకుళం పిల్ల. అది విని వెనక్కి తిరిగి తెలుగు పిల్లలకు తెలుగులో చెప్పింది. ఇచ్ఛాపురం దాని ఊరు, ఒడియా కూడా వచ్చు. వెంటనే ఒడియా పిల్లలకు చెప్పింది. వాళ్లలో ఒకమ్మాయి ఇటుక బట్టీల్లో తిరిగి హిందీ నేర్చుకుంది. అది బీహారు పిల్లలకు చెప్పింది. వాళ్ల దగ్గర నుంచి బెంగాలీ ఇద్దరికి, ఆఖరి బెంచీలోని నేపాలీ ఇద్దరికి. లెక్క గదంతా నడుచుకుంటూ వెళ్లింది అత్తా! ప్రతి చోటా ఆగింది. ప్రతి చోటా ఎవరో ఒకరు "ఎందుకు?" అని అడిగారు. అడిగినప్పుడల్లా చెప్పేవాళ్లు నేల మీద సుద్దముక్కతో గడులు గీశారు.

అది చివరి బెంచీకి చేరాక అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆ నేపాలీ పిల్ల లేచి ముందుకు వచ్చి, తనకు వచ్చిన నాలుగు తమిళ ముక్కలతో సెలీనాకు ఆ లెక్కంతా తిరిగి చెప్పింది. ఒక చోట తప్పింది. సెలీనా తల అడ్డంగా ఊపింది. అంతే, ఎవరూ విసుక్కోలేదు, మళ్లీ మొదటి నుంచి. ఈసారి సరిగ్గా చెప్పింది. అప్పుడు ముప్పైనలుగురూ పుస్తకాలు తెరిచి రాసుకున్నారు.

నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. లోపలికి వెళ్లి అక్షయను అడిగాను, ఇది మీకెవరు నేర్పారు అని.

"ఎవులూ నేర్పనేదండి. జూన్‌లో టీచరు రానేదు గదా, సెలీనా సదివీది, మాకు అర్తమయ్యీది కాదు. సెప్పే అన్నాం. ఒకలికి సెప్తే ఇంకొకలు అడిగీవోలు."

"ఈ గడులు?"

"మా నాన్న టైల్సు ఏత్తాడండి. గదికి ఎన్ని పడతాయో గడులు గీసే సూస్తాడు. మాట తెలకపోతే గడి గీసి సూపించీయొచ్చు. గడికి బాస అక్కర్నేదు కదేటండి."

"మరి చివరివాళ్లు మొదటివాళ్లకు మళ్లీ చెప్పడం ఎందుకు?"

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "మజ్జిలో పాడైపోతాది కదండి. ఎనక్కొత్తే గానీ బాగున్నాదో నేదో తెల్దు."

నేను నాలుగు నెలలుగా ఆ కిటికీ దగ్గర నిలబడి "నోరు మూసుకోండి" అని అరిచాను. ఆ అరుపులన్నీ గుర్తొచ్చాయి.

ఇదంతా మధుసూదన్‌కు రాశాను. నమ్మశక్యంగా లేదు, కొత్త ప్రశ్నపత్రంతో నేనే వస్తాను అన్నాడు. ఏం జరుగుతుందో తెలియదు. భయంగా ఉంది. నీకేమనిపిస్తోంది?

కౌముది


నెల్లూరు
నవంబరు 4, 2024

కౌముదీ,

జాబు చదివాను. పరీక్ష పెట్టనీ. ఏం జరిగిందో ఒక్క ముక్క విడవకుండా రాయి.

నాకు ఒంట్లో బాగానే ఉంది. వేరే ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

వరదలక్ష్మి


కోడంబాక్కం
నవంబరు 17, 2024

అత్తా,

నీ జాబు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఏమైందని అడగను, చెప్పాలనుకున్నప్పుడు చెబుతావు. బుధవారం జరిగింది రాస్తున్నాను.

మధుసూదన్ పదింటికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, సన్నగా, ఇస్త్రీ మడత నలగని చొక్కా. సీలు వేసిన కవరు. పిల్లలను ప్రార్థన హాల్లో ఒకరికొకరు అందనంత దూరంలో కూర్చోబెట్టాడు. లూర్దుమేరిని రానివ్వలేదు. నన్ను కూడా ద్వారం బయటే ఉండమన్నాడు. ఒకటిన్నర గంట పరీక్ష. పక్కన కంటైనర్ లారీలు వెళుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు.

అక్కడే కూర్చుని దిద్దాడు. సగటు డెబ్బైఏడు.

అతను సంతోషించలేదు. కాగితాలు కట్టకట్టి పక్కన పెట్టాడు. తర్వాత, "మేడమ్, పుస్తకంలోని లెక్కలు బట్టీ పట్టవచ్చు. నేను పుస్తకంలో లేనిది ఒకటి అడుగుతాను" అన్నాడు. పిల్లలను వాళ్ల గదికి తీసుకెళ్లి బోర్డు మీద తమిళంలో రాశాడు: ఒక కొళాయి నీళ్ల తొట్టిని మూడు గంటల్లో నింపుతుంది. ఇంకో కొళాయి ఆరు గంటల్లో. రెండూ ఒకేసారి తిప్పితే ఎంతసేపు?

ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నాకే ఆ లెక్కకు సూత్రం గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది.

అప్పుడు సెలీనా లేచింది. "సార్, మేము చేసే మాదిరి చేయవచ్చా?"

"ఎట్లా చేస్తారు?"

"అందరం."

అతను నన్ను చూశాడు. "సరి, చేయండి" అని కుర్చీ కిటికీ పక్కకు లాక్కుని కూర్చున్నాడు.

సెలీనా చదివింది. అక్షయ తిరిగింది. లెక్క బయలుదేరింది. మొదట ఎవరో మూడూ ఆరూ తొమ్మిది అన్నారు. ఆ తొమ్మిది తెలుగులో, ఒడియాలో, హిందీలో నడిచి ఆఖరి బెంచీకి వెళ్లింది. అక్కడ నేపాలీ పిల్ల ఫక్కున నవ్వింది. రెండు కొళాయిలు తిప్పితే ఒక కొళాయి కంటే ఆలస్యమెట్లా అవుతుంది? ఆ నవ్వు వెనక్కి అన్ని భాషల్లోనూ వచ్చింది, గదంతా నవ్వారు. మళ్లీ ఎవరో నాలుగున్నర అన్నారు. మూడు గంటల కొళాయి ఒక్కటే చాలదా అని బీహారు బెంచీ తోసేసింది. గడులు గీశారు, చెరిపారు. మధుసూదన్‌కు టీ తెచ్చిపెట్టారు, అతను చూడనే లేదు.

అప్పుడు హిందీ పిల్లల్లో ఒకడు, క్లాసులో అందరికన్నా నెమ్మదస్తుడు, ఏదో గొణిగాడు. ఒడియా పిల్ల దాన్ని పట్టుకుంది, అక్షయకు చెప్పింది, అక్షయ గట్టిగా అంది: "ఒక్క తొట్టి గురించి ఆలోచించొద్దంటన్నాడు. బోల్డు తొట్లు పెట్టమంటన్నాడు."

ఆరు గంటలు తిప్పి ఉంచుదాం అనుకున్నారు. మొదటి కొళాయి రెండు తొట్లు నింపుతుంది. రెండోది ఒకటి. ఆరు గంటల్లో మూడు తొట్లు. అయితే ఒక తొట్టికి రెండు గంటలు.

అది ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పోవడం నేను చూశాను అత్తా. ఒక్కో మొహంలో కనుబొమలు పైకి లేచాయి, నోరు కొంచెం తెరుచుకుంది, తల పక్కకు తిరిగి పక్కవాళ్లకు చెప్పింది. అర్థం కావడమనేదాన్ని నేను ఇరవై ఏళ్లుగా మార్కుల్లోనే వెతికాను. కళ్లతో చూడటం ఇదే మొదటిసారి. గుళ్లో హారతి ఇచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడరు చూడు, అట్లా నిలబడి ఉన్నాను.

నేపాలీ పిల్ల ముందుకు వచ్చి సెలీనాకు తిరిగి చెప్పబోయింది. మధుసూదన్ లేచి, "నాకు చెప్పమ్మా" అన్నాడు. ఆ పిల్ల అతనికి చెప్పింది, రెండు తమిళ మాటలు, ఒక హిందీ మాట, మిగిలింది చేతులతో. అతను అంతా విన్నాడు. చివరికి నాతో మెల్లగా అన్నాడు: "దీన్ని నేను సూత్రంతో నేర్చుకున్నాను మేడమ్. ఇంజనీరింగ్ దాకా చదివాను. ఎందుకట్లా వస్తుందో ఇవాళ తెలిసింది."

రిపోర్టులో మార్కులు నిజమేనని రాశాడు. మెమో రద్దయింది.

లాబ్‌లోకి వెళ్లి లూర్దుమేరికి క్షమాపణ చెప్పాను. ఆవిడ డబ్బా మూత పెట్టి, పక్క స్టూలు లాగింది. "కూర్చోండి టీచర్. నాకు మీమీద రొంబ కోపం ఉండె. ఇప్పుడు కూడా కొంచెం ఉంది. ఉండనీండి, అదే పోతుంది. ఆ పిల్లోళ్లను చూసినారు కదా, అది చాలు." ఇద్దరం ఆవిడ పులిహోర తిన్నాం.

కౌముది


నెల్లూరు
నవంబరు 25, 2024

కౌముదీ,

నీ జాబు నాలుగుసార్లు చదివాను. ఇప్పుడు నేను రాసేది నీకే కాదు, ఎవరికీ ఇంతవరకూ చెప్పలేదు.

ఇటువంటిది ఒక్కసారే చూశాను, వెనకాడలేదు అని రాశాను కదా. అది 1991. ఎన్నూరు దాటాక సముద్రం ఒడ్డున ఒక చిన్న బడి. ఏడో క్లాసులో పద్దెనిమిది మంది, అందరూ చేపల వాళ్ల పిల్లలు. టీచరు పేరు నాగప్పన్. నేను తనిఖీకి వెళ్లాను. జవాబు పత్రాలు చూస్తే పద్దెనిమిది మందీ ఒకే మాటలు రాశారు. ఒకే వాక్యం, ఒకే చోట కామా. మార్కులు పట్నం బళ్లకంటే ఎక్కువ.

ఆ పిల్లలకు చెప్పులు లేవు. ఒంటి నిండా చేపల వాసన. నేను కుర్చీలో కూర్చుని వాళ్లను చూసి, ఈ మార్కులు వీళ్లవి కావని అనుకున్నాను. అంతే. కాగితాల్లో ఋజువు వెతికాను, దొరికింది. ఆ అనుకోవడం ముందు, ఋజువు తర్వాత. ఈ వరుస నాకు ఇన్నేళ్లూ తెలియలేదు, నీ జాబు చదివాక తెలిసింది.

నాగప్పన్ ఒక్కమాట అన్నాడు. "అమ్మా, వాళ్లను ఏదైనా అడగండి." నాకు రైలు టైమవుతోంది. అడగలేదు. "సామూహిక కాపీయింగ్" అని రెండు మాటలు రాసి సంతకం పెట్టాను. ఫలితాలు రద్దయ్యాయి. అతన్ని దూరంగా ఎక్కడికో బదిలీ చేశారు. ఆ పిల్లలందరూ అదే క్లాసు మళ్లీ చదవాల్సి వచ్చింది. ఎంతమంది చదివారో నేను కనుక్కోలేదు.

నీకు మెమో ఇవ్వమని రాసింది ఆ చెయ్యే.

వరదలక్ష్మి


కోడంబాక్కం
డిసెంబరు 1, 2024

అత్తా,

ఓదార్చను. నీకు అది నచ్చదని తెలుసు. మెమో మీద సంతకం నాది, నువ్వు పెట్టలేదు. ఆ పాపంలో నా వాటా నాకే ఉంచు.

నువ్వు అడగకుండానే ఒకటి చెబుతున్నాను. ఎన్నూరు ఎక్కడికీ పోలేదు. ఆ కుప్పమూ పోలేదు. మా బడికి మూడు స్టేషన్ల అవతల అంతే. అప్పుడు పన్నెండేళ్లవాళ్లు ఇప్పుడు నలభైఅయిదు. వెతకవచ్చు.

ఇంకొకటి. ఏ సెక్షన్, బి సెక్షన్ అని విడదీయడం ఆపేశాను. జనవరి నుంచి కలిపి కూర్చోబెడుతున్నాం. ఏ సెక్షన్ తండ్రులు కొందరు వచ్చి గొడవ చేశారు, మా పిల్లలను వాళ్లతో కలుపుతారా అని. లూర్దుమేరి వాళ్లను బి సెక్షన్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పది నిమిషాలు నిలబెట్టింది. ఒకాయన వెళ్లిపోయాడు. ఇంకొకాయన, "మావాణ్ణి ఆ టైల్సాయన కూతురి పక్కన వేయండి" అన్నాడు.

లెక్కల టీచరు ఇంకా రాలేదు.

కౌముది


నెల్లూరు
డిసెంబరు 22, 2024

కౌముదీ,

వెళ్లాను.

మద్రాసు సంఘం వాళ్లకు చెప్పి అక్కడి పింఛను కాగితాల్లో నాగప్పన్ పేరు వెతికించాను. ఆయన పోయి ఆరేళ్లయిందట. నేను చెప్పాలనుకున్న మాట వినవలసిన మనిషి లేడు. అయినా ఉదయం రైలెక్కి ఎన్నూరులో దిగి, ఆటోలో ఆ కుప్పానికి వెళ్లాను. బడి ఉన్న చోట ఇప్పుడు కొత్త భవనం. ఒడ్డున చేపలు వేరుచేస్తున్న ఆడవాళ్లను అడిగాను, నాగప్పన్ సారు దగ్గర చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ఒకావిడ చేతులు కడుక్కుని లేచింది. పేరు కన్నియమ్మ.

ఎవరని అడిగింది. చెప్పాను. ఆ రోజు కుర్చీలో కూర్చుని రాసిన ఆఫీసరమ్మను నేనే అని. పక్కనున్నవాళ్లు పని ఆపేశారు.

కన్నియమ్మ తమిళంలో అన్నది, నేను దాదాపుగా ఆ మాటలే రాస్తున్నాను: "అందరూ ఒకే మాటలు రాసినామని మార్కులు తీసేసినారు. మాకుండింది ఒకటే పుస్తకం అమ్మా. పద్దెనిమిది మందికి ఒకటే. సారు దాన్ని మధ్యలో పెట్టేవారు, మేము చుట్టూ కూర్చుని ఒకరు చదివితే అందరం చెప్పేవాళ్లం. ఒకే పుస్తకం చదివినోళ్లు ఒకే మాటలు రాయరా?"

ముప్పైమూడేళ్లకు ముందు ఈ ఒక్క ప్రశ్న ఆ పిల్లను అడిగి ఉంటే, ఇదే మాట అప్పుడే చెప్పి ఉండేది.

"సారును ఎక్కడికో పంపేసినారు కదా," అంది. "ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవారు. రెండు బస్సులు మారాల. ఏడాదంతా వచ్చినారు. పద్దెనిమిది మందిమీ మళ్లీ రాసి పాసయ్యాం. పదకొండు మందిమి పదో క్లాసు దాకా పోయినాం."

కౌముదీ, నేను ఇసుకలో కూర్చుండిపోయాను. నేను పాడుచేశాననుకున్నది ఆ మనిషి ఆదివారాలు పోసి నిలబెట్టాడు. అంత పెద్ద పని నా రెండు మాటల రిపోర్టు వెనక జరుగుతూ ఉంటే, నేను ప్రమోషన్లు తీసుకుంటూ తిరిగాను. ఏడుపు రాలేదు. సముద్రం ముందు నిలబడితే మనిషి ఎంత చిన్నగా అయిపోతాడో, అట్లా అయిపోయాను.

క్షమించమని అడిగాను. ఆవిడ క్షమించానని అనలేదు, క్షమించనని కూడా అనలేదు. "ఎండలో వచ్చినారు, మజ్జిగ తాగండి" అంది. తాగాను. వచ్చేటప్పుడు ఆటో దాకా తోడు వచ్చి, "సారు మిమ్మల్ని ఎప్పుడూ తిట్టలేదమ్మా. ఆ అమ్మకు రైలుకు టైమైపోయింది, టైముంటే అడిగి ఉండేది అనేవారు" అని చెప్పింది. ఆ మాట మోయడం తిట్టుకంటే కష్టంగా ఉంది.

నేను జనవరిలో వస్తున్నాను. సెలవుల తర్వాత బడి తెరిచే రోజున. కోడంబాక్కంలో నీ ఇంట్లో ఉంటాను, పొద్దున్నే నీతో రైలెక్కుతాను. లెక్కల టీచరు వచ్చేదాకా వారానికి నాలుగు రోజులు, జీతం వద్దు. మధుసూదన్‌కు ఉత్తరం రాశాను, అనుమతి ఇచ్చాడు.

అయితే మొదటి వారం నేనేమీ చెప్పను. నాకు కుర్చీ వేయవద్దు. ఆ ఆఖరి బెంచీలో, నేపాలీ పిల్లల పక్కన చోటుంటుందేమో నువ్వే చెప్పేయకు, ఆ పిల్లలనే అడుగు. లెక్క నా దాకా వచ్చాక నేను లేచి ముందుకు వెళ్లి సెలీనాకు తిరిగి చెప్పాలి కదా. తప్పితే ఆ పిల్ల తల అడ్డంగా ఊపుతుంది, అందరూ నాకోసం మళ్లీ మొదలుపెట్టాలి.

డెబ్బైరెండేళ్లు వచ్చాక పరీక్షంటే మొదటిసారి భయం వేస్తోంది.

నీ
అత్త